బావ శాంసంగే కొనమంటాడు, దొరికిన కార్డులో ఏమో హైనిక్స్ ఉంది

పేరు వేయొద్దన్నాడు కాబట్టి వేయట్లేదు. హనుమకొండలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడు చాలా పొడుగు ఉత్తరం రాశాడు, మొత్తం వేస్తే దానికే సరిపోద్ది, అందుకని విషయం నా మాటల్లో చెప్తా. ఆరేళ్ళు వేరేవాళ్ళ స్టూడియోలో పనిచేసి ఇప్పుడు ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టాడు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే ఫుటేజ్ మీద పని. సెకండ్ హ్యాండ్‌లో కొన్న జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు సంక్రాంతికి ముందు స్క్రీన్ మీద గళ్ళు గళ్ళుగా వచ్చి ఆగిపోయింది. అప్పట్నుంచి ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొస్తున్నాడు, రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి సగం కూడా అవ్వట్లేదంట. భార్య తన చీటీ పాడి 20 వేలు చేతిలో పెట్టింది, "మూడు నెలల సంది గిదే ముచ్చట, కార్డు వస్తదా రాదా" అని ఇప్పుడు ఆమె కూడా విసుక్కుంటోంది.

ఇక చిక్కు ఎక్కడంటే, వాళ్ళ బావ దగ్గర. అక్క భర్త. ఈ తమ్ముడికి మొదటి కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చింది ఆయనే, 2021లో మేడ మీద గదిలో ఆరు ఆర్‌ఎక్స్ 580 కార్డులు పెట్టి మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి క్రిప్టో కరెన్సీ సంపాదించడం) నడిపింది కూడా ఆయనే. కార్డు మీదుండే మెమరీ చిప్పుల్ని శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్ లాంటి కంపెనీలు చేస్తాయి. ఆయన రూల్ ఒక్కటే, "శాంసంగ్ మెమరీ ఉంటెనే తీస్కో, హైనిక్స్ అయితే ఉత్తగ ఇచ్చినా వద్దు". ఇప్పుడు రెండు కార్డులు కళ్ళ ముందున్నాయి. ఒకటి కాజీపేటలో ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్ దగ్గర, ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ, 17,500, బిల్లు 2023 నవంబర్‌ది, ఇంకా 8 నెలల వారంటీ, కానీ మెమరీ హైనిక్స్. దీనికి 2 వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. రెండోది బావ దోస్తు దగ్గర, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 8జీబీ, 18,000, బిల్లు లేదు, "ఆఫీసుల వాడినం" అంటున్నాడు, మెమరీ మాత్రం శాంసంగ్. చివర్లో ఇలా రాశాడు: "అన్నా, చిప్పు కంపెనీ నిజంగ అంత ముఖ్యమా? బావ మాట కాదంటే అక్క ఇంట్ల ఏమనుకుంటరో, సరే అందామంటే నాకు మనసొప్పుతలేదు. ఏం చేయాలె?"

తమ్ముడూ, నీ ఉత్తరంలో ఒకచోట నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. పాత కార్డు పోయినప్పుడు బావ "చూసినవా, నేను చెప్పలే" అన్నాడని రాశావు, రెండు లైన్ల కింద "దాంట్ల మెమరీ ఏ కంపెనీదో నేనైతే చూడలే" అని కూడా నువ్వే రాశావు. నువ్వూ చూడలేదు, ఆయనా చూడలేదు, కేసు మాత్రం చిప్పు కంపెనీ మీద రాసేశారు. ఈ బ్రాండ్ గొడవలో సగం ఇలా నడిచేదే.

కానీ బావ మాటని కొట్టిపారేయకు, ఆయన చూసింది ఆయన చూశాడు. ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ లెక్క అంతా కార్డు మెమరీని పదే పదే చదవడం మీద నడిచేది, జీపీయూ (కార్డులో అసలు లెక్కలు చేసే చిప్పు) స్పీడ్ తగ్గించి మెమరీ స్పీడ్ ఎంత పెంచగలిగితే అంత ఆదాయం. మెమరీకి క్లాక్ స్పీడ్ ఒక ఎత్తు, అడిగిన డేటా ఇచ్చేముందు మధ్యలో ఎంతసేపు ఆగాలనేది ఇంకో ఎత్తు, ఆ ఆగే లెక్కలనే టైమింగ్స్ అంటారు. కార్డు బయోస్‌లో, అంటే కార్డుని లేపి నడిపే లోపలి ప్రోగ్రాంలో, ఒక్కో కంపెనీ చిప్పుకి ఒక్కో టైమింగ్స్ పట్టిక ఉంటుంది. ఆర్‌ఎక్స్ 580 వాళ్ళు ఏం చేసేవాళ్ళంటే బయోస్ విప్పి ఆ పట్టికలో తక్కువ స్పీడ్‌కి రాసిన టైట్ (తక్కువసేపు ఆగే) టైమింగ్స్ తెచ్చి ఎక్కువ స్పీడ్ వరుసలో అతికించేవాళ్ళు, దాంతో 22-24 మెగాహ్యాష్ (మైనింగ్ స్పీడ్ కొలత) వచ్చే కార్డు 29-30 దాకా పోయేది. ఈ మోటు సరసం ఏ చిప్పు ఎంతవరకు తట్టుకుంటుందనే దాని మీదే అంతా ఉండేది, శాంసంగ్ బాగా తట్టుకునేది, హైనిక్స్ మైక్రాన్ కొంచెం కిందగా, ఎల్పిడా పేరు వింటే మొహం తిప్పేసేవాళ్ళు. ఆ మార్కెట్‌లో శాంసంగ్ అని తెలిస్తే సెకండ్ హ్యాండ్ కార్డుకి రేటు కూడా పెరిగేది. కాబట్టి మీ బావ చెప్పేది ఆ కార్డుకి, ఆ పనికి, ఆ రోజులకి నిజమే. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డులతో పనే లేకుండా పోయింది, మైనింగ్ పోయింది గానీ ఆ ర్యాంకుల లిస్టు మాత్రం మనుషుల నోళ్ళలో ఉండిపోయింది. నువ్వు పెళ్ళి వీడియోకి కలర్ కరెక్షన్ చేస్తావు, బయోస్ విప్పవు, మెమరీ ఓవర్‌క్లాక్ (స్పీడ్ పెంచడం) చెయ్యవు. ఫ్యాక్టరీలో పెట్టిన స్పీడ్‌లో నడపడానికి శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్‌లలో ఏదైనా ఒకటే, ఎందుకంటే కార్డు మీద రాసిన స్పీడ్‌ని గ్యారంటీగా అందుకుంటేనే ఆ చిప్పుని అక్కడ అంటిస్తారు. ఒకే మోడల్ ఒకే బాక్సులో ఈ నెల ఒక కంపెనీ చిప్పు, వచ్చే నెల ఇంకో కంపెనీ చిప్పు వస్తుంటుంది, బాక్సు మీద ఎక్కడా రాయరు కూడా.

ఇంకో సంగతి చెప్తా, బావకి కూడా చెప్పు. 2016లో జీటీఎక్స్ 1070 వచ్చినప్పుడు మొదట వచ్చిన కార్డుల్లో శాంసంగ్ మెమరీ ఉండేది, తర్వాత బ్యాచుల్లో మైక్రాన్ వచ్చింది. మెమరీ ఓవర్‌క్లాక్ చేసినవాళ్ళకి మైక్రాన్ కార్డుల్లో స్క్రీన్ మెరవడం, గళ్ళు పడటం మొదలైంది. నెట్ అంతా ఒకటే గోల, మైక్రాన్ అయితే వాపస్ ఇచ్చేయండి అని. అదే ఏడాది అక్టోబర్ టైంకి కార్డు కంపెనీలు కొత్త బయోస్ ఇచ్చాయి, వేసుకున్నాక సరిపోయింది. అంటే తేడా చిప్పులో కాదు, ఆ చిప్పుకి బయోస్‌లో పెట్టిన సెట్టింగుల్లో ఉంది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో "1070 ఆ, శాంసంగా మైక్రానా" అనే అడిగేవాళ్ళు. రిపేరైన సంగతి ఊరంతా తెలియదు, చెడిపోయిన సంగతే తెలుస్తుంది.

పైగా ర్యాంకులు కూడా ఒక్కచోట నిలవవు. 2025లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీలో శాంసంగ్, హైనిక్స్ రెండూ వచ్చాయి, పక్కపక్కన పెట్టి టెస్ట్ చేసినవాళ్ళ రిపోర్టుల్లో హైనిక్స్ ఉన్నదే ఒకటి రెండు శాతం ముందుంది, శాంసంగ్ ఉన్నది కొంచెం చల్లగా నడిచింది. ఒకటి రెండు శాతం అంటే గంట రెండర్‌లో ఒక నిమిషం, అంతే. ఇక ఆర్‌టీఎక్స్ 3080, 3090, 4090 లాంటి పెద్ద కార్డుల్లో వాడిన జీడీడీఆర్6ఎక్స్ మెమరీ తయారుచేసింది మైక్రాన్ ఒక్కటే, లక్షన్నర పెట్టి 4090 కొన్నవాడికి అసలు బ్రాండ్ అడిగే చాన్సే లేదు. మీ బావ ఉత్తగ ఇచ్చినా వద్దనే ఆ హైనిక్సే ఈరోజు ఎన్విడియా (ఈ ఆర్‌టీఎక్స్ కార్డుల జీపీయూలు చేసే కంపెనీ) ఏఐ సర్వర్లకి హెచ్‌బీఎం అనే చాలా స్పీడ్ మెమరీ ఎక్కువగా సప్లై చేసేది. దాన్నిబట్టి నీ 3060లో ఉన్న చిప్పు గొప్పదని నేను అనట్లేదు, రెండూ వేరే సరుకులు, కంపెనీ పేరు పట్టుకుని చిప్పుకి సర్టిఫికెట్ ఇవ్వలేమని మాత్రం అంటున్నా.

ఇదంతా తెలిసినవాడిలా చెప్తున్నా గానీ నేనూ ఆ దారిలో పోయొచ్చినవాడినే. 2017లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కార్డు కొంటూ షాపతన్ని బతిమాలి రెండు బాక్సులు విప్పించా, రెండూ వాళ్ళ టెస్ట్ బెంచి మీద పెట్టించి కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో మెమరీ పేరు చూసి, అప్పట్లో అందరూ మెచ్చుకునే బ్రాండ్ ఉన్నదే ఏరుకుని తెచ్చుకున్నా. అతను నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది, వంకాయలు ఏరినట్టు ఏరుతున్నాడేంట్రా అన్నట్టు. వారంటీ అయిపోయిన రెండో నెలలో కార్డు పోయింది. రిపేర్ చేసే అన్న వేడి లాగే హీట్‌సింక్ విప్పి నాకు చూపించాడు: మెమరీ చిప్పులు ఎనిమిది, వాటి మీద వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఎనిమిది. ఏడు ప్యాడ్ల మీద చిప్పు అచ్చు నలుచదరంగా చక్కగా దిగి ఉంది. ఎనిమిదోది, పవర్ సర్క్యూట్ పక్కనున్నది, కొత్త ప్యాడ్‌లా నున్నగా ఉంది. అంటే ఆ చిప్పుకి మూడేళ్ళూ హీట్‌సింక్ తగలనే లేదు, దాని వేడిలో అదే ఉడికి పోయింది. నేను ఏరుకున్న బ్రాండ్ ఆ ఎనిమిదింటి మీదా ఉంది. ఏం లాభం.

సరే, నీ రెండు కార్డుల దగ్గరికి వద్దాం. మెమరీ విషయంలో నువ్వు చూడాల్సింది ఉంది, అది పేరు కాదు, సైజు. 3060లో 12జీబీ, 3060 టీఐలో 8జీబీ. టీఐలో జీపీయూ బలంగా ఉంటుంది, మెమరీ దారి కూడా వెడల్పు, సెకనుకి 448 జీబీ, 3060కి 360. గేములాడే కుర్రాడు అడిగితే టీఐ తీసుకోమనే అంటా. కానీ నువ్వు 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ వేసి, పైన రెండు ఎఫెక్టులు పెట్టి, మండపం లైటింగ్ సరిచేసేటప్పుడు రిజాల్వ్ "జీపీయూ మెమరీ ఫుల్" అని ఆగిపోతుంది చూశావా, 6జీబీ 1660 మీద అది నీకు బాగా అలవాటయ్యే ఉంటుంది, అక్కడ జీపీయూ ఎంత స్పీడున్నా చేసేదేం లేదు, ఖాళీ మెమరీయే కావాలి. 8జీబీ మీద కూడా అది అప్పుడప్పుడు పలకరిస్తుంది, 12 మీద చాలా తక్కువ. నీ ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) 550 వాట్స్ అని రాశావు, 3060 170 వాట్ల కార్డు, దానికి అది సరిపోతుంది, టీఐ 200 వాట్లు, దానికి ఎన్విడియా చెప్పేది 600 వాట్స్ ఎస్ఎంపీఎస్. నడవదని కాదు, పాత ఎస్ఎంపీఎస్ మీద బరువు పెరుగుతుంది.

ఇంకోటి, నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఆ బిల్లు తేదీ. స్టూడెంట్ కార్డు బిల్లు 2023 నవంబర్‌ది. అప్పటికి ఈథీరియం మైనింగ్ ఆగిపోయి ఏడాది దాటింది. కాబట్టి ఆ కార్డు మేడ మీద గదిలో రాత్రింబవళ్ళు మండి ఉండే అవకాశం చాలా తక్కువ. అదే 3060 టీఐ 2020 డిసెంబర్‌లో వచ్చింది, మొదట్లో వచ్చినవాటికి ఎన్విడియా మైనింగ్ అడ్డు ఇంకా పెట్టలేదు, తక్కువ కరెంటుకి ఎక్కువ హ్యాష్ ఇస్తుందని మైనర్లు ఎగబడి కొన్నారు. ఇప్పుడు చూడు, బిల్లు లేని టీఐ, మైనింగ్ చేసిన మనిషి దోస్తు దగ్గర్నుంచి, "ఆఫీసుల వాడినం" అనే మాట. నేను ఆయన్ని అబద్ధాలకోరు అనట్లేదు, నిజంగానే ఆఫీసులో ఉండొచ్చు. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడ్డదీ కాదు, ప్యాడ్లు మార్చి శుభ్రంగా ఉంచినవి ఇప్పటికీ నడుస్తున్నాయి. కాకపోతే మైనింగ్‌లో ముందు నలిగేది మెమరీ చిప్పులే, అంటే బావ మెచ్చుకునే ఆ శాంసంగ్ చిప్పులే ఆ కార్డులో ఎక్కువ కష్టపడి ఉండొచ్చు.

ఇప్పుడు నీ ముందున్న దారులు. స్టూడెంట్ కార్డు తీసుకుంటే డబ్బు పరంగా నీకు రిస్క్ తక్కువ, అడ్వాన్స్ దండగ కాదు, 8 నెలల్లో ఏదైనా అయితే సర్వీస్ సెంటర్ ఉంది. కానీ డబ్బులిచ్చే ముందు ఆ వారంటీ సీరియల్ నంబర్ మీద నడుస్తుందా, బిల్లు మీద పేరున్నవాడే రావాలంటారా అనేది కంపెనీకి ఫోన్ చేసి కనుక్కో, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఈ దారిలో నష్టం బావ అలక. అది చిన్నదని నేను అనను, రేపు కంప్యూటర్‌లో ఏం ఆగిపోయినా నువ్వు ఫోన్ చేసేది ఆయనకే కదా.

బావ దోస్తు కార్డు తీసుకుంటే ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది, గేముల్లో స్పీడ్ కూడా ఎక్కువ. కానీ ఆ కార్డు ఆర్నెల్లకి పోయిందనుకో, నువ్వు దోస్తుని అడగలేవు, బావని అడగలేవు, చీటీ డబ్బులు ఏమయ్యాయని ఇంట్లో అడిగితే చెప్పలేవు, అక్క మధ్యలో నలుగుతుంది. బయటివాడి దగ్గర నష్టపోతే తిట్టుకుని మర్చిపోతాం, బంధువు మధ్యలో ఉంటే తిట్టుకోవడానికి కూడా ఉండదు. ఆ దారే పోవాలనుకుంటే రెండు షరతులు ముందే చెప్పు: వారం రోజులు నీ కంప్యూటర్‌లో పెట్టి నడిపి చూశాకే పూర్తి డబ్బు, రేటు ఒక నాలుగు వేలైనా తగ్గాలి. బిల్లూ వారంటీ లేని కార్డుకి వారంటీ ఉన్నదానికంటే ఎక్కువ రేటు ఎందుకు ఇవ్వాలి, మెమరీ శాంసంగ్ అనా? ఆ ఐదొందలు అక్కడే ఉంది చూడు.

కొత్తది కొనడం మూడో దారి. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో చిన్న కార్డు, 5050 గానీ 5060 గానీ, నీ 20 వేలు దాటుతుంది, మళ్ళీ 8జీబీయే. ఒక్క లాభం మాత్రం నీలాంటివాళ్ళకి ఉంది: సోనీ కెమెరాల్లో 4:2:2 10-బిట్‌లో (రంగుల వివరం ఎక్కువుండే పద్ధతి) షూట్ చేసిన ఫుటేజ్‌ని 50 సిరీస్ కార్డు నేరుగా విప్పుతుంది, 30 సిరీస్‌కి ఆ విద్య రాదు, నువ్వు చూస్తున్న రెండు కార్డులకీ రాదు. నీ ఫుటేజ్ ఎక్కువగా అదే అయితే 3060 తీసుకున్నా ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలికైన కాపీలు) చేసుకునే పని తప్పదు, ముందే తెలిసుండటం మంచిది. ఇంకా ఆగుదామా అంటే, 2025 చివర్నుంచి మెమరీ ధరలు ఎలా ఎక్కి కూర్చున్నాయో చూస్తున్నావుగా, ఏఐ సర్వర్లకే చిప్పులన్నీ పోతున్నాయి, ఆగితే తగ్గుతుందని నాకు నమ్మకం లేదు. వేసవి ముహూర్తాల్లో వచ్చే పని పోవడం ఖాయం.

ఏది తీసుకున్నా టెస్ట్ మాత్రం నీ కళ్ళతో చెయ్యి. జీపీయూ-జెడ్ తెరిచి 3060 అయితే మెమరీ సైజు 12288 ఎంబీ, బస్ విడ్త్ (మెమరీ దారి వెడల్పు) 192 బిట్ ఉందా చూడు, ఎందుకంటే ఇదే పేరుతో 128 బిట్ 8జీబీ రకం కూడా ఒకటి ఉంది, మోసపోయేది అక్కడ. తర్వాత మెమరీలో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్ వల్కన్ అనే చిన్న ఫ్రీ ప్రోగ్రాం ఒక పావుగంట నడుపు, ఒక్క ఎర్రర్ వచ్చినా లేచి వచ్చేయి, బేరం కూడా ఆడకు. ఓసీసీటీ అనే ప్రోగ్రాంలో కూడా మెమరీ టెస్ట్ ఉంది. ఈ రెండు కార్డుల్లో మామూలు జీడీడీఆర్6కి మెమరీ టెంపరేచర్ సాఫ్ట్‌వేర్‌లో కనపడదు, కాబట్టి కార్డు బయటికి తీసి చూడు, చిప్పుల చుట్టూ జిడ్డుగా నూనె కారినట్టుందా, స్క్రూల తలలు అరిగాయా. చివరికి నీ పెళ్ళి ప్రాజెక్ట్ ఒకటి హార్డ్‌డిస్క్‌లో తీసుకెళ్ళి అక్కడే అరగంట రెండర్ పెట్టు, టీ తాగుతూ కూర్చో.

ఆ టెస్టుకి బావని వెంట తీసుకెళ్ళు. "నాకు తెల్వదు బావా, నువ్వు చూసి చెప్పు" అను, అది అబద్ధం కూడా కాదు, ఆరు కార్డులు నడిపిన మనిషికి ఫ్యాన్ చప్పుడు వింటేనే కొన్ని తెలుస్తాయి. శాంసంగా హైనిక్సా అనే వాదనకి ఇంట్లో కూర్చుంటే ఆయన గెలవాలి లేదా నువ్వు గెలవాలి, అక్కడ మెమ్‌టెస్ట్‌లో జీరో ఎర్రర్స్ కనపడుతుంటే ఇద్దరూ స్క్రీన్ వైపు చూస్తారు. దోస్తు కార్డుకి కూడా ఇదే టెస్ట్ పెడదామని బావతోనే అనిపించు. ఆయన అప్పుడు కూడా ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇచ్చేశాననే సాకు నీకుంది, ఇచ్చిన మాట తప్పితే బాగుండదని చెప్పు, మన ఇళ్ళల్లో ఆ మాటకి ఇంకా విలువుంది.

ఏ కార్డు ఇంటికొచ్చినా జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్ ఒకటి తీసి, ఒరిజినల్ బయోస్ కాపీ ఒకటి సేవ్ చేసి, బిల్లు ఫోటోతో పాటు ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. మెమరీ కంపెనీ పేరు నీకు నిజంగా పనికొచ్చేది అప్పుడే: రేపెప్పుడైనా ఒక చిప్పు పోతే రిపేర్ చేసేవాడు అదే కంపెనీ చిప్పు వెతకాలి, వేరేది అంటిస్తే కార్డు సరిగ్గా నడవకపోవచ్చు. 2 వేలు అడ్వాన్స్ ఇచ్చి పది రోజులైంది అన్నావు, ఆ కుర్రాడికి ముందు ఒక ఫోన్ చెయ్యి, ఈ ఆదివారం బావతో కలిసి వస్తున్నానని.